మనోవ్యాధి చరిత్రలో రోగి మాట

ఖమ్మం నుండి సత్తుపల్లికి పోయే బాటలో కల్లూరు దాటిన తరువాత పెనుబల్లి వస్తుంది. ఒక దిక్కున లంకాసాగరు క్రింది పొలాలు, మరొక దిక్కున కనకగిరి గుట్టల అడవి. ఆ అడవిని పట్టుకొని పోతే కొత్తగూడెం, దానిని దాటితే గోదావరి, భద్రాచలం. దక్షిణంగా కొద్ది దూరం పోతే తిరువూరు. నేడు తిరువూరు వేరొక రాష్ట్రంలో ఉన్నది. నూరేండ్ల క్రిందట అది వేరొక ప్రభుత్వం క్రింద ఉండేది. పెనుబల్లి నైజాం రాజ్యంలో వరంగల్లు జిల్లా గ్రామం; తిరువూరు, భద్రాచలం రెండూ ఇంగ్లీషు పాలనలోని మద్రాసు రాజధానిలోనివి. ఖమ్మం జిల్లా ఏర్పడినది 1953లో. భద్రాచలం దానిలో చేరినది 1959లో.

సరిహద్దు మీద బ్రతికేవారికి గీతకు ఈవల నాణెం వేరు, ఆవల నాణెం వేరు. కచేరీ భాష వేరు, సుంకం వేరు. ఇవి అందరూ ఎరిగినవే. మతి చలించిన మనిషిని ఎక్కడికి తీసుకొనిపోవలెనన్న విషయంలో కూడ ఆ గీత అడ్డు నిలిచినదన్న సంగతి మాత్రం తరచు ఎవరికీ తట్టదు.

1930 ప్రాంతంలో ఇటువంటి ఊరిలో పదునెనిమిదేండ్ల పిల్లవాడొకడు నిద్ర మాని, తిండి మాని, ఎవరికీ వినబడని మాటలు తనకు వినబడుతున్నవని చెప్పసాగినాడనుకొందాం. ఇంటివారు మొదట దిష్టి తీస్తారు. తరువాత గ్రామదేవతకు మ్రొక్కుతారు, సోదె అడుగుతారు, మంత్రగానిని పిలుస్తారు. అడవిపల్లెలలోని కోయవారికి తమ వైద్యులు, తమ పూజారులు ఉంటారు. ఇదంతా మూఢత్వమని ఒక్క మాటతో కొట్టివేయడం తేలిక. కాని ఆ కాలంలో ఆ ఇంటివారికి అందుబాటులో ఉన్న తలుపులు అవి మాత్రమే. అంతేకాక, మంత్రగాడు కనీసం ఆ పిల్లవాని ఎదుట కూర్చొని, నీకేమి కనబడుతున్నదని అడిగేవాడు. ఈ చిన్న సంగతిని జ్ఞాపకం ఉంచుకొనవలెను. ముందు దీనితో పని ఉన్నది.

వ్యాధి ముదిరితే? నైజాం ప్రభుత్వపు మానసిక చికిత్సాలయం అప్పుడు హైదరాబాదులో లేదు, జాల్నాలో ఉండేది. జాల్నా నేటి మహారాష్ట్రలోనిది. పెనుబల్లి నుండి ఖమ్మం దాక ఎడ్లబండి. అక్కడి నుండి సికింద్రాబాదుకు రైలు. సికింద్రాబాదులో దిగి మన్మాడు పోయే మీటరు గేజి రైలు ఎక్కవలెను. అన్నీ కలిపితే ఏడు వందల కిలోమీటర్లకు పైన. ఆ ఊరి భాష మరాఠీ, ప్రభుత్వ భాష ఉర్దూ. తెలుగు తప్ప ఎరుగని రోగి తన బాధను ఏ భాషలో చెప్పుకొనవలెను? తిరువూరు వైపు నుండి బెజవాడ చేరి రైలెక్కితే విశాఖపట్నం, అక్కడి చినవాల్తేరులోని మానసిక చికిత్సాలయం అంతకంటె చాల దగ్గర; అక్కడ తెలుగు కూడ చెల్లుతుంది. కాని అది మద్రాసు ప్రభుత్వానిది.

ఇంగ్లీషు ప్రాంతంలో అప్పుడు అమలులో ఉన్నది 1912 నాటి ఇండియన్ లూనసీ ఆక్టు. రోగిని చికిత్సాలయంలో చేర్చుకొనడానికి సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. ఇంటివారు అర్జీ పెట్టుకోవలెను. వైద్యులు ధ్రువపత్రాలు వ్రాయవలెను. వీధిలో తిరుగుతున్నవానిని, ప్రమాదకరుడని తోచినవానిని పోలీసులు పట్టి మేజిస్ట్రేటు ఎదుట పెట్టవచ్చును. తనంతట తాను చేరదలచుకొన్నవానికి చిన్న వీలు ఉన్న మాట నిజమే గాని, అది వాడుకొన్నవారు తక్కువ. ఆ కాగితాలలో తండ్రి సంతకం ఉంటుంది, వైద్యుని సంతకం ఉంటుంది, మేజిస్ట్రేటు ముద్ర ఉంటుంది. రోగి ఏమన్నాడో వ్రాయడానికి ప్రత్యేకించిన గడి లేదు. వాని మాటలు ధ్రువపత్రంలో ఎక్కడైనా కనబడితే, అవి పిచ్చికి నిదర్శనంగానే కనబడతవి.

ఇది మన దేశంలోనే ఉన్న లోపం కాదు. ప్రపంచమంతట అట్లే ఉండేది. ఆ గడిని తెరిపించినవారిలో ప్రముఖుడు ఒక యువకుడు, ఆసుపత్రిలో మూడేండ్లు గడిపిన రోగి. అతని కథ తెలుగు పాఠకులకు అంతగా తెలియదు.

క్లిఫర్డ్ బీర్స్ 1876లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో పుట్టినాడు. 1897లో యేల్ విశ్వవిద్యాలయపు షెఫీల్డ్ శాస్త్రపాఠశాలలో పట్టం పొందినాడు. అతడు చదువుకొంటున్న రోజులలోనే అన్నలలో ఒకనికి మూర్ఛలు మొదలైనవి. ఆ జబ్బు తనకూ వస్తుందన్న భయం బీర్స్‌ను పట్టుకొన్నది. పైకి నవ్వుతూ, లోపల ఆ భయాన్ని ఏండ్ల తరబడి మోసినాడు. ఎవరితోను చెప్పలేదు. 1900 జూన్‌లో, ఇరువదినాలుగేండ్ల వయస్సున, ప్రాణం తీసుకొనబోయి, గాయాలతో బ్రతికి బయటపడినాడు.

తరువాత అతని మనస్సులో అల్లుకొన్న భ్రమల సాలెగూడు విచిత్రమైనది. ఆత్మహత్యా యత్నం నేరమని అతడు ఎరుగును. కనుక పోలీసులు తనపై కేసు నడుపుతున్నారని, తన చుట్టూ ఉన్నవారందరు మారువేషపు గూఢచారులని, తలిదండ్రులు, అన్న కూడ నిజమైనవారు కారని, వారి రూపు ధరించిన నటులని నమ్మినాడు. తాను నోరు విప్పితే ప్రతి మాటా సాక్ష్యమవుతుందని తలచి రెండేండ్లకు పైగా దాదాపు మౌనంగా ఉండిపోయినాడు. వైద్యులు ఆ మౌనాన్ని బుద్ధిహీనతగా తలచినారు. నిజానికి ఆ మౌనం వెనుక తెగని తర్కం నడుస్తున్నది. తర్కంలో తప్పు లేదు, పునాదిలో ఉన్నది. భ్రమ అన్నది తెలివి లేకపోవుట కాదని వైద్యశాస్త్రం నేడు గట్టిగా చెప్పే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆ భ్రమ వీడిన తీరు విజ్ఞాన విద్యార్థులకు మరీ ఆసక్తి కలిగించేది. తనను చూడడానికి వచ్చే అన్న జార్జి నిజమైనవాడా కాడా అన్నది బీర్స్ సందేహం. దానిని తేల్చడానికి అతడొక పరీక్ష పన్నినాడు. బయటకు పోయిరావడానికి అనుమతి ఉన్న మరొక రోగి పట్టణంలో విచారించి, జార్జి చిరునామా పాతదేనని వచ్చి చెప్పినాడు. బీర్స్ ఆ చిరునామాకు స్వయంగా ఒక జాబు వ్రాసి, ఆ మిత్రుని చేత రహస్యంగా పోస్టు చేయించినాడు. వచ్చేటప్పుడు ఆ జాబును చేత పట్టుకొని రావలసినదని అందులో కోరినాడు. జాబు నిజమైన అన్నకే చేరుతుంది గాని నటునికి చేరదు గదా! 1902 ఆగస్టు 30న జార్జి వచ్చినాడు. జేబులో నుండి ఆ జాబు తీసి చూపినాడు. రెండేండ్లు కట్టిన గోడ ఆ నిమిషంలో కూలిపోయినది. ఒక ఊహ, దానిని నిజమో కాదో తేల్చగల పరీక్ష, ఫలితాన్ని ఒప్పుకొను ధైర్యం: ఇవి ప్రయోగశాలలో నేర్పేవి. బీర్స్ వాటిని తాళం వేసిన వార్డులో చేసి చూపినాడు. ఆ పరీక్షలో అతనికి తోడుపడినవాడు వైద్యుడు కాడు, సాటి రోగి.

అయితే వ్యాధి అంతటితో పోలేదు. విషాదం పోయి, పట్టపగ్గాలు లేని ఉత్సాహం వచ్చినది. ఇట్లు విషాదం, ఉద్రేకం ఒకదాని తరువాత ఒకటి వచ్చే వ్యాధిని నేడు బైపోలార్ రుగ్మత అంటున్నారు. బీర్స్ రాత్రింబవళ్లు వ్రాసినాడు. కాగితం చాలకపోతే పొట్లాలు చుట్టే కాగితం తీసుకొని వ్రాసినాడు. అధికారులతో తగవులాడినాడు. చేతులు వెనుకకు కట్టివేసే బిగువైన చొక్కా తొడిగి అతనిని అనేక రాత్రులు చలిగదిలో పడవేసినారు. పరిచారకులు రోగులను కొట్టడం కన్నులార చూచినాడు. తానూ దెబ్బలు తిన్నాడు. ఉద్రేకరోగుల వార్డులో ఏమి జరుగుతున్నదో తెలిసికొనడానికి బుద్ధిపూర్వకంగా అల్లరి చేసి, తనను అక్కడికి మార్పించుకొన్నాడు. అక్కడి నుండి రహస్యంగా పంపిన దీర్ఘలేఖ రాష్ట్ర గవర్నరు చేతికి చేరినది. 1903లో విడుదల అయినాడు.

ఇక్కడ బీర్స్ చేసిన పని అతనికి చరిత్రలో చోటు తెచ్చినది. తనను కొట్టినవారి మీద పగ తీర్చుకొనే పుస్తకం వ్రాయలేదు. తక్కువ జీతానికి, శిక్షణ లేకుండా, రోజంతా పనిచేసే పరిచారకులు క్రూరులు కావడంలో వింత లేదని, మార్చవలసినది ఏర్పాటునని వాదించినాడు. వ్రాతప్రతిని అచ్చుకు ముందు పలువురికి చూపినాడు. ప్రసిద్ధ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1906లో దానిని మెచ్చుకొంటూ వ్రాసిన లేఖ పుస్తకానికి పీఠికగా నిలిచినది. మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ ఉద్యమానికి ‘మెంటల్ హైజీన్’ అన్న పేరు సూచించినాడు. మన పాఠ్యగ్రంథాలలో ‘మానసిక ఆరోగ్యశాస్త్రం’ అన్నది దానికి అనువాదమే. పేరు దాచి అచ్చు వేయించే వీలున్నా, బీర్స్ తన పేరుతోనే 1908 మార్చిలో పుస్తకాన్ని ప్రకటించినాడు. అప్పటికి అతనికి ముప్పదిరెండేండ్లు. అదే సంవత్సరం మే నెలలో కనెక్టికట్ రాష్ట్ర సంఘం, 1909 ఫిబ్రవరిలో జాతీయ సంఘం ఏర్పడినవి.

బీర్స్ మొదటివాడేమీ కాడు. ఇంగ్లండులో జాన్ పెర్సివల్ అనే రోగి 1838లోనే తన అనుభవం వ్రాసి ప్రకటించినాడు. పెర్సివల్ గ్రంథం మరుగున పడినది. బీర్స్ గ్రంథం సంస్థగా మారినది. ఉద్యమంలో మచ్చలు లేకపోలేదు: జాతీయ సంఘంలోని కొందరు వైద్యులు మనోవ్యాధిగ్రస్తులకు సంతానం కలుగకుండా చేయవలెనన్న వాదాన్ని సమర్థించినారు. రోగి కొరకు పుట్టిన సంఘం రోగికి ఎదురుతిరిగిన ఆ ఘట్టాన్ని ఉద్యమాన్ని పొగిడేవారు సాధారణంగా దాటవేస్తారు. బీర్స్ స్వయంగా 1939లో మళ్లీ జబ్బుపడి ఆసుపత్రిలో చేరినాడు. 1943లో అక్కడే కన్నుమూసినాడు. మధ్యలో ముప్పదియారేండ్లు పనిచేసినాడు. మధుమేహం వలె, ఉబ్బసం వలె మనోవ్యాధి తిరిగి రావచ్చును. మనిషి చేసిన పని దానితో కొట్టుకొనిపోదు.

ఆ ఉద్యమం మన దేశానికి 1920ల చివర చేరినది. రాంచీలోని యూరోపియన్ మానసిక చికిత్సాలయపు అధికారి బర్క్లీ హిల్ ఇందుకు పూనుకొన్నాడు. ఆ దశాబ్దిలోనే ‘ఎసైలం’ అన్న పాత పేరు తీసివేసి ‘మెంటల్ హాస్పిటల్’ అని మార్చినారు. పేరు మారినంత త్వరగా గోడలు మారలేదు. 1946లో భోర్ కమిటీ లెక్క చూచేసరికి దేశం మొత్తం మీద మనోవ్యాధికి ఉన్న పడకలు సుమారు 10,000. అనగా 40,000 మందికి ఒక పడక.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1953లో, జాల్నా నుండి మానసిక చికిత్సాలయాన్ని హైదరాబాదులోని ఎర్రగడ్డకు తెచ్చినారు. ఖమ్మం జిల్లా పుట్టినదీ ఆ సంవత్సరమే. పెనుబల్లి నుండి చికిత్సకు దూరం సగానికి పైగా తగ్గినది. రోగి తన భాషలో మాట్లాడగల చోటికి ఆసుపత్రి వచ్చినది. విచిత్రమేమనగా, బీర్స్ స్థాపించిన సంఘపు వారసులు, ఆసుపత్రులలో పూర్వం రోగులకు తగిలించిన ఇనుప సంకెళ్లను దేశం నలుమూలల నుండి సేకరించి, బాల్టిమోరులో కరగించి, 300 పౌనుల గంటగా పోతపోయించినదీ 1953లోనే.

ఎర్రగడ్డకు మాత్రం వేరొక గతి పట్టినది. ఆసుపత్రి ఉన్న పేట పేరే తిట్టు అయినది. తెలుగుదేశంలో ఏ బడి ఆవరణలోనైనా నిలుచుంటే, ఒక పిల్లవాడు మరొకనిని ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా’ అనడం వినవచ్చును. విశాఖ వైపు చినవాల్తేరుకు ఇదే గౌరవం దక్కినది. క్షయ చికిత్సాలయం పేరు, కుష్ఠు చికిత్సాలయం పేరు ఇంత సరదాగా తిట్టుకు వాడుకొన్నట్టు కనబడదు. ఆ మాట విని నవ్వే తరగతిలో ఒకనికి రాత్రిళ్లు నిద్ర పట్టకపోవచ్చును, చెవిలో ఏవో మాటలు వినబడుతూ ఉండవచ్చును. వాడు కూడ అందరితో పాటు నవ్వుతాడు. పైకి నవ్వుతూ లోపల భయాన్ని మోసిన న్యూహేవెన్ విద్యార్థి చేసినదీ అదే.

ఆ దశాబ్దిలోనే మందులు వచ్చినవి. 1950 డిసెంబరులో ఫ్రాన్సులో తయారైన క్లోర్‌ప్రోమజీన్‌ను 1952లో డిలే, డెనికెర్ అనే వైద్యులు మనోవ్యాధులపై ప్రయోగించి ఫలితం చూపినారు. అదే సంవత్సరం స్విట్జర్లాండులో రిసర్పిన్ అనే పదార్థాన్ని ఒక మొక్క వేరు నుండి వేరు చేసినారు. ఆ మొక్క మన సర్పగంధి. పాతాళగంధి అని కూడ అంటారు. ఉన్మాదానికి ఆ వేరును వాడవచ్చునని గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అనే వంగదేశ వైద్యులు 1931లోనే వ్రాసినారు. అంతకు ఎంతో ముందే చరకసంహిత ఉన్మాదాన్ని ఐదు విధాలుగా విభజించి, వాటిలో నాలుగింటికి శరీరదోషాలే కారణమన్నది. అయిననూ ఆ వేరు యూరపు పోయి గుళికగా తిరిగి వచ్చేదాక మన ఆసుపత్రులు దానిని అంతగా పట్టించుకొనలేదు. (రిసర్పిన్ ఉత్తరోత్తరా కొందరిలో విషాదాన్ని కలిగిస్తుందన్న అనుమానంతో మనోవైద్యంలో వెనుకబడినది. సర్పగంధి వేరును ఎవరూ సొంతంగా వాడరాదు.) మందుల వలన ముఖ్యంగా జరిగినదేమనగా, రోగి ఇంటివద్ద ఉండి చికిత్స పొందడం సాధ్యమైనది. ఆసుపత్రి గోడ అనివార్యం కాదని తేలినది.

కాని ఇంటివద్ద ఉన్న రోగికి మందు ఇచ్చేవారెవరు? 1954లో బెంగుళూరులో స్థాపించిన అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ, 1974లో నిమ్‌హాన్స్‌గా మారిన తరువాత, పల్లె ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికే ఈ పని నేర్పవచ్చునని ప్రయోగాలు చేసినది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చినది. 1985 నుండి బళ్లారి జిల్లాలో జరిగిన ప్రయోగం ఆధారంగా 1996-97లో దేశంలో నాలుగు జిల్లాలను ఎన్నుకొన్నారు. వాటిలో మెదకు ఒకటి. తెలుగు పల్లెలో మనోవ్యాధికి ప్రభుత్వ వైద్యం జిల్లా స్థాయిలో మొదలైనది అక్కడే.

ఈ లోగా గొలుసులు పోయినవా? 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా వద్ద నడుస్తున్న ఒక ప్రైవేటు గృహంలో నిప్పు అంటుకొన్నది. అక్కడి రోగులను గొలుసులతో కట్టి ఉంచినారు. 28 మంది చనిపోయినారు. అమెరికాలో సంకెళ్లు కరగి గంట అయిన నలుబదియెనిమిదేండ్లకు జరిగిన సంగతి ఇది. ఆ రోగులను అక్కడికి తెచ్చినవారు వారి ఇంటివారే. ప్రేమ లేక కాదు, దగ్గరలో వేరొక దారి కనబడక. పెనుబల్లి నుండి జాల్నా దూరమైనట్టే, ఆ ఇండ్లకు కూడ ఏదో ఒక జాల్నా దూరమైనది.

1912 చట్టాన్ని 1987 చట్టం తొలగించినది. అది 1993లో అమలుకు వచ్చినది. దాని స్థానంలో వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. దానిని మిగతా చట్టాల నుండి వేరుచేసే అంశాలు చాల ఉన్నవి: రోగిని ఏ విధంగాను గొలుసుతో కట్టరాదు, మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయరాదు, రోగి వివరాలు గోప్యంగా ఉంచవలెను, తాను జబ్బుపడినప్పుడు ఏ చికిత్స కావలెనో, ఏది వద్దో ఆరోగ్యంగా ఉన్నప్పుడే వయోజనుడు వ్రాసి పెట్టుకొనవచ్చును. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించవలెనని, అతనిని శిక్షించరాదని, సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షను చెబుతున్నది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1 నుండి కొత్త న్యాయసంహితలో కనబడదు. బీర్స్‌ను రెండేండ్లు మూగవానిని చేసిన భయం, మన దేశంలో అంతవరకు చట్టపుస్తకంలోనే అచ్చయి ఉన్నది!

అన్నిటికంటె ఆ చట్టంలో వార్తాపత్రికలు అంతగా గమనించని సంగతి ఒకటి. కేంద్రంలోను, రాష్ట్రాలలోను ఏర్పడవలసిన మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలలో మనోవ్యాధి ఉన్నవారి, లేక ఒకప్పుడు అనుభవించినవారి ప్రతినిధులు సభ్యులుగా ఉండవలెను. రోగుల ఫిర్యాదులు విచారించే జిల్లా సమీక్షా మండలులలో కూడ రోగులకు, వారిని సాకేవారికి స్థానం కల్పించినారు. 1912 కాగితంలో గడి లేని మనిషికి న్యాయాధికారి ప్రక్కన కుర్చీ వేసినారు. అన్ని చోట్ల ఆ కుర్చీలు సకాలంలో నిండలేదన్నది వేరే మాట.

ఈ చరిత్ర ఉన్నత పాఠశాలకు ఎందుకనవచ్చును. మనోవ్యాధులు ముసలితనంలో మాత్రమే వచ్చేవి కావు. వయోజనులలో కనబడే మనోవ్యాధులలో సగం పదునెనిమిదేండ్ల లోపుననే మొదలవుతవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో 13 నుండి 17 ఏండ్ల వారిలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మనోవ్యాధి ఉన్నట్టు తేలినది. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. కాని లెక్క ఇక్కడ వేరుగా ఉంటుందని నమ్మడానికి ఆధారమేమీ లేదు. నలుబది మంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురు అన్నమాట.

వారు నోరు విప్పవలెనా? 2015లో నటి దీపికా పదుకొణె తన మనోవ్యాకులతను గూర్చి బహిరంగంగా చెప్పినప్పుడు దేశంలో ఎందరో విన్నారు. ఒక ప్రసిద్ధురాలు చెప్పడానికి, పల్లెటూరి పదవ తరగతి విద్యార్థి చెప్పడానికి చాల భేదం ఉన్నది. ఆమెకు మరునాడు పని దొరుకుతుంది. వానికి మరునాడు మారుపేరు దొరకవచ్చును. చెప్పడం హక్కే గాని విధి కాదు. చట్టం గోప్యతను రోగి హక్కుగా వ్రాసినది అందుకే. బీర్స్ కూడ పూర్తిగా కోలుకొని, వ్రాతప్రతిని పెద్దలకు చూపి, లాభనష్టాలు తూచుకొని తరువాత చెప్పినాడు.

పరిశోధకులు ఈ ప్రశ్నను తూచి చూచినారు. 14 దేశాలలో జరిగిన అధ్యయనాలపై 72 వ్యాసాలను కలిపి కారిగన్, ఆయన సహచరులు 2012లో ఒక విశ్లేషణ ప్రకటించినారు. రోగి స్వయంగా ఎదురుపడి తన కథ చెప్పడం, ఉపాధ్యాయుడు వ్యాధిని గూర్చి పాఠం చెప్పడం, రెండూ ఏవగింపును తగ్గించినవి. పెద్దవారిలో మొదటిది ఎక్కువ పనిచేసినది. కౌమార వయస్సువారిలో రెండవదే మిన్నగా పనిచేసినది. ఇది కొంత ఆశ్చర్యకరమైన ఫలితం. పిల్లలలో అభిప్రాయాలు ఇంకా గట్టిపడలేదు కనుక విషయం చెబితే చాలునేమో. ఏమైనా, ఏ విద్యార్థినీ తరగతి ముందు నిలబెట్టకుండానే ఉపాధ్యాయుడు చేయగల పని చాల ఉన్నదని దీని అర్థం. చిరకాలం నిద్ర చెడిన పిల్లను, హఠాత్తుగా మార్కులు పడిపోయిన పిల్లవానిని, ఆటకు రాక ఒంటరిగా కూర్చొనే వానిని ప్రక్కకు పిలిచి, ఏమైనదని అడిగి, చెప్పినది నమ్మి వినడం ఆ పనిలో మొదటిది. వ్యాధి నిర్ణయం ఉపాధ్యాయుని పని కాదు; అది వైద్యుని పని.

2023లో విశాఖపట్నంలో పోటీపరీక్షకు చదువుకొంటున్న పదునేడేండ్ల విద్యార్థిని ఒకతె మరణించినది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని ప్రకటించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు విధించినది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన సలహాదారు ఒకరైనా ఉండవలెను. అంతకు తక్కువైతే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండవలెను. మార్కులను బట్టి విద్యార్థులను జట్లుగా విడదీయరాదు. బోధకులకు, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వవలెను. సహాయపు టెలిఫోను సంఖ్యలు తరగతులలో, వసతిగృహాలలో అందరికీ కనబడే అక్షరాలతో వ్రాసి పెట్టవలెను. ఇది తెలుగు నేల మీద ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు.

ఆ సంఖ్యలలో ముఖ్యమైనది 14416. టెలిమానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైనది. రాత్రి పగలు పనిచేస్తుంది, రుసుము లేదు, తెలుగులో మాట్లాడవచ్చును. కొత్తగూడెంలో 2022లోను, ఖమ్మంలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరిచినారు. మనోవైద్యం ఆ కళాశాలలు బోధించవలసిన విషయాలలో ఒకటి. జాల్నా రైలు సికింద్రాబాదు నుండి ఇప్పటికీ పోతుంది. పెనుబల్లి పిల్లవాడు ఆ రైలు ఎక్కనక్కర లేదు. సత్తుపల్లి నుండి ఖమ్మం పోయే బస్సు ఎక్కితే చాలును, ఎక్కించేవారు ఒకరు ఉంటే.